జపాన్ పింగాణీ వాజుల సేకరణ: అడుగు తిప్పి చూడటం నుంచి మొదలుపెట్టండి

జపాన్ వాజు చేతికి రాగానే చాలామంది అడుగున ముద్ర కోసం వెతుకుతారు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి, నెట్‌లో పోల్చి, మెయిజీ కాలం (1868–1912) నాటిదని తేల్చేస్తారు. డబ్బు పోయేది అక్కడే. వాజులో నకలు చేయడానికి అన్నిటికంటే సులువైనది ముద్రే. మట్టిని, గాజుపూతను, కుంచె నడకను, వందేళ్ల అరుగుదలను నకలు చేయడం చాలా కష్టం. అందుకే ఇక్కడ పరిశీలన క్రమం మట్టితో మొదలై ఆకారం, పూత, రంగులు, దెబ్బల మీదుగా సాగుతుంది. ముద్ర అన్నిటి తర్వాత వస్తుంది. ఈ క్రమం అలవాటైతే మిగతా పనులు, అంటే ధర కట్టడం, తెప్పించుకోవడం, కడగడం, దాచడం, వాటంతటవే తేలికవుతాయి.

మెట్టు 1: ఏ రకం సేకరించాలో ముందు తేల్చుకోండి

"జపాన్ వాజులు" అన్నది ఒక్క రకం కాదు. బజారులో ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

ఇమారి. క్యూషూ దీవిలో, సాగా ప్రాంతంలోని అరితా ఊరి సరుకు ఇది. 1610ల్లో కొరియా నుంచి వచ్చిన కుమ్మరులు అక్కడి ఇజుమియామా కొండలో పింగాణీ రాయిని వాడుకలోకి తెచ్చారు. సంప్రదాయం చెప్పే పేరు యీ సామ్‌ప్యోంగ్, సంవత్సరం 1616. 1659లో డచ్ ఈస్టిండియా కంపెనీ భారీ ఆర్డరు పెట్టింది. అక్కడి నుంచి అరితా సరుకు యూరప్ రాజభవనాలకు చేరింది. దగ్గర్లోని ఇమారి రేవులో ఓడకెక్కేది కాబట్టి ఆ రేవు పేరే సరుకుకు నిలిచింది. పూత కింద ముదురు నీలం, పూత మీద ఇటుక ఎరుపు, బంగారం: ఈ మూడూ కలిస్తే ఇమారి అని దూరం నుంచే తెలుస్తుంది. 17వ శతాబ్దపు పెద్ద వాజులు సామాన్యులకు అందవు. వాటిని చూడాలంటే జర్మనీలోని డ్రెస్డెన్‌లో, సాక్సనీ పాలకుడు ఆగస్టస్ పోగుచేసిన పింగాణీ సంగ్రహం ఉంది. కొనడానికి దొరికేవి చాలావరకు మెయిజీ కాలం, అంటే 1868–1912 మధ్యవి.

కుతాని. హోన్షూ దీవి పడమటి తీరంలోని ఇషికావా ప్రాంతానిది. ఆకుపచ్చ, పసుపు, ఊదా, నీలం, ఎరుపు రంగులు మందంగా పూసినవి ఒక తీరు. ఎరుపు మీద బంగారు గీతలతో సన్నని పని ఉన్నవి మరో తీరు. ఈ రెండో తీరును కుతాని షోజా (1816–1883) ఎగుమతి స్థాయికి తెచ్చాడు.

సత్సుమా. ఇది నిజానికి పింగాణీ కాదు. మీగడ రంగు మట్టిపాత్ర, పూత నిండా సన్నని నెర్రెల వల ఉంటుంది. అయినా పింగాణీ సేకరించేవారే దీన్నీ సేకరిస్తారు కాబట్టి తెలిసి ఉండాలి.

పేరున్న మెయిజీ కర్మాగారాలు. 1873 వియన్నా, 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనల్లో జపాన్ పింగాణీ మెప్పు పొందిన కాలానివి. అరితాలో కోరన్‌షా, ఫుకగావా, యొకోహామాలో మకుజు కోజాన్ (1842–1916) వంటివారి పని ఇది. చేతిపని అద్భుతం, ధర కూడా ఎక్కువే.

నిప్పాన్, నోరిటాకే. అమెరికా బజారు కోసం చేసిన, చేతితో రంగులు వేసిన వాజులు. నిప్పాన్ అంటే జపాన్‌కు జపాన్ భాషలో పేరు, ముద్రలో ఉండే ఆ మాటే సరుకుకు నిలిచింది. మోరిమురా వ్యాపార కుటుంబం 1876లోనే న్యూయార్క్‌లో అంగడి తెరిచింది. 1904లో నగోయా దగ్గరి నోరిటాకేలో కర్మాగారం పెట్టింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఎస్టేట్ సేల్స్‌లో, పాత వస్తువుల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

మొదటి రెండేళ్లు ఒక్క రకానికే కట్టుబడండి. మా సలహా మెయిజీ ఇమారి లేదా నిప్పాన్. రెండూ విరివిగా దొరుకుతాయి కాబట్టి ఒకదాన్ని పదింటితో పోల్చి చూసే వీలుంటుంది. కన్ను పదునెక్కేది పోల్చడం వల్లే. సత్సుమాతో మాత్రం మొదలుపెట్టకండి. నకళ్లు అందులోనే విపరీతం.

మెట్టు 2: కొనే ముందు కంటికి తర్ఫీదు ఇవ్వండి

హైదరాబాద్‌లో ఉన్నవారికి సాలార్‌జంగ్ మ్యూజియం అందుబాటులో ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణలో జపాన్ పింగాణీకి మంచి చోటే ఉంది. శుక్రవారం సెలవు. గదంతా తిరగకండి, రెండు మూడు వాజుల ముందు మాత్రం నిలబడండి. మూతి అంచు ఎలా మలిచారు, భుజం దగ్గర నగిషీ పట్టీ ఎక్కడ ఆగింది, ఖాళీ తెలుపును చిత్రకారుడు ఎంత వదిలాడు, వెనకవైపు కూడా ముందువైపంత శ్రద్ధ పెట్టాడా, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. జపాన్ వెళ్లే వీలుంటే అరితాలోని క్యూషూ సెరామిక్ మ్యూజియంలో షిబాతా దంపతులు ఇచ్చిన పదివేలకు పైబడిన అరితా పాత్రలు ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అరితాలో పింగాణీ సంత జరుగుతుంది. అక్కడ అమ్మేది ఎక్కువగా కొత్త సరుకే, అయినా వెళ్లదగిందే. కొత్త పాత్ర అడుగు చేతికి ఎలా తగులుతుందో తెలిస్తేనే పాతది తెలుస్తుంది.

ఇంకో పని తప్పకుండా చేయండి. పగిలిన మెయిజీ ఇమారి పాత్రనొకదాన్ని, విరిగిన సత్సుమానొకదాన్ని చవకగా కొనండి. పగుళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. పింగాణీ పగులు గాజులా నునుపుగా, లోపలిదాకా తెల్లగా ఉంటుంది. పూతకూ మట్టికీ మధ్య గీత దాదాపు కనిపించదు, ఎందుకంటే సుమారు 1300 డిగ్రీల వేడిలో రెండూ కలిసి కరిగాయి. సత్సుమా పగులు గరుకుగా, లేత గోధుమ రంగులో ఉండి, తడి వేలు పెడితే నీటిని పీల్చేస్తుంది. ఈ తేడా చేతికి తెలిశాక అంగట్లో చాలా ప్రశ్నలకు జవాబు దానంతటదే వస్తుంది.

మెట్టు 3: సంచిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం. సన్నని వెలుగునిచ్చే ఎల్‌ఈడీ టార్చి. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి. నోట్ల తనిఖీకి వాడే చవకరకం 395ది ఊదా వెలుగు ఎక్కువ చిమ్మి అసలు తేడాను కప్పేస్తుంది. టేపు, మెత్తని చిన్న తువ్వాలు, నోటుపుస్తకం. ఇవి చాలు.

మెట్టు 4: చేతిలోకి తీసుకునే తీరు

ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. ముట్టుకోవచ్చా అని దుకాణదారుని అడగండి. తువ్వాలు పరిచి, ఒక చేయి అడుగున, మరో చేయి బొజ్జ దగ్గర పెట్టి ఎత్తండి. మెడ పట్టుకుని గానీ, చెవులు పట్టుకుని గానీ ఎత్తకూడదు. చెవులను విడిగా చేసి మట్టినీళ్లతో అతికిస్తారు, వాజులో బలహీనమైన చోటు అదే. మూత ఉంటే ముందు అది తీసి పక్కన పెట్టండి. మెరిసే పింగాణీకి బట్ట చేతితొడుగులు వద్దు, జారిపోతాయి. పొడిగా ఉన్న శుభ్రమైన చేతులే మేలు.

మెట్టు 5: ఆకారం, మట్టి, అడుగు

వాజును బల్ల మీద పెట్టి మూతి మీ కంటి ఎత్తుకు వచ్చేలా వంగి, నెమ్మదిగా తిప్పండి. సారె మీద చేసిన పాత వాజు కొద్దిగా ఒరిగి ఉండొచ్చు, అది లోపం కాదు. మూతిలోంచి టార్చి వేసి లోపలి గోడలు చూడండి. వేలిముద్రల్లాంటి చుట్టు గీతలుంటే సారె పని. నిలువు గీత పైనుంచి కిందిదాకా సాగితే అచ్చు పని. ప్లాస్టర్ అచ్చులో పలుచని మట్టి పోసి చేసే పద్ధతి జపాన్‌కు మెయిజీ కాలంలో యూరప్ నుంచి వచ్చింది. కాబట్టి అలాంటి పోత వాజును 18వ శతాబ్దపుదని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. పెద్ద వాజుల లోపల బొజ్జ దగ్గర అడ్డంగా ఒక చుట్టు అతుకు కనిపిస్తుంది. దాన్ని పగులనుకుని వదిలేసేవారున్నారు. రెండు ముక్కలుగా చేసి కలపడం పెద్ద వాజుల్లో మామూలే.

ఇప్పుడు తువ్వాలు మీద పడుకోబెట్టి అడుగు చూడండి. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. పూత లేని అడుగు వలయం మట్టి అసలు రంగును చూపిస్తుంది. పాత అరితా మట్టి కొద్దిగా బూడిద ఛాయలో ఉండి, పూత ఆగిన గీత వెంట లేత నారింజ మరక ఉండొచ్చు. మట్టిలోని ఇనుము ఆవంలో పైకి తేలడం వల్ల వచ్చే రంగు అది. ఆవంలో చల్లిన ఇసుక రేణువులు ఒకటి రెండు అతుక్కుని ఉండటమూ సహజం.

అరుగుదలను భూతద్దంలో చూడండి. దశాబ్దాల పాటు బల్లల మీద కదిలిన అడుగుకు గీతలు అన్ని దిక్కులకూ, లోతు తేడాలతో ఉంటాయి. ఎత్తుగా ఉన్న చోట నునుపు ఎక్కువగా ఉంటుంది. ఉప్పుకాగితంతో రుద్దిన గీతలు ఒకే దిక్కుకు, ఒకే లోతులో ఉంటాయి. మురికి కూడా అంతే. నిజమైన మురికి సందుల్లో చేరి, ఎత్తుల మీద పోతుంది. టీ డికాక్షన్‌తోనో, రంగుతోనో పట్టించిన మురికి అంతటా ఒకే తీరుగా ఉండి, తడి దూదికి వెంటనే అంటుతుంది. అడుగు వలయం సుద్దలా తెల్లగా, బండ మీద సాన పట్టినట్టు చదునుగా ఉంటే కొత్తదనే అనుమానంతో ముందుకు సాగండి.

అడుగు మధ్యలో రంధ్రం ఉందా చూడండి. చాలా వాజుల్ని దీపపు స్తంభాలుగా మార్చి, వైరు కోసం తొలిచారు. రంధ్రం చుట్టూ పూత పెచ్చులుగా లేచి, మట్టి మెరుపు లేకుండా కనిపిస్తే తర్వాత తొలిచినదే. అలాంటి దాని ధర సగానికీ అంతకంటే తక్కువకూ పడిపోవడం మామూలు. కొన్నిచోట్ల ఆ రంధ్రాన్ని రెసిన్‌తో పూడ్చి పైన రంగు వేస్తారు. అనుమానం వస్తే అల్ట్రావయొలెట్ వెలుగులో చూడండి.

మెట్టు 6: పూత, రంగులు, బంగారం

కిటికీ వెలుగు వాజు మీద ఏటవాలుగా పడేలా పట్టుకోండి. పూత కింది నీలం దగ్గర ఉపరితలం అద్దంలా నునుపుగా ఉంటుంది, రంగు లోపల ఉంటుంది. కోబాల్ట్ పూతలో కొద్దిగా కరిగి వ్యాపిస్తుంది కాబట్టి అంచులు మెత్తబడతాయి. ఎరుపు, ఆకుపచ్చ, బంగారం పైన ఉండి, వెలుగులో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. వీటిని పూత ఆవంలో కాలి గట్టిపడ్డాక వేసి, సుమారు 800 డిగ్రీల వేడిలో విడిగా కాలుస్తారు. తక్కువ వేడిలో పైపైన పట్టుకున్నవి కాబట్టే బంగారం, ఎరుపు ముందుగా అరుగుతాయి, పూత కింది నీలం వందల ఏళ్లయినా చెక్కుచెదరదు. నీలం అరిగి, బంగారం మిలమిలలాడుతుంటే ఆ వాజు పక్కన పెట్టేయండి.

చేతి చిత్రమా, అచ్చు బొమ్మా అన్నది భూతద్దం చెబుతుంది. కుంచె గీత మొదలైన చోట రంగు చిక్కగా, చివర పలుచగా ఉంటుంది. ఒక గీత మరోదాని మీదకెక్కిన చోట ముదురుతుంది. చుక్కచుక్కలుగా, పత్రికలో ఫొటోలా కనిపిస్తే అది ముద్రించిన బొమ్మ. నీలంలో అక్కడక్కడ గీత తెగి చిన్న ఖాళీలుంటే కాగితపు చిల్లు అచ్చుతో వేసినది. మెయిజీ కాలంలో చవక సరుకుకు ఇది బాగా వాడారు. అచ్చు బొమ్మ అయినంత మాత్రాన నకిలీ కాదు, కానీ చేతిపని ధర ఇవ్వకూడదు. నిప్పాన్ వాజుల్లో ముఖచిత్రం అచ్చుది, చుట్టూ బంగారు చుక్కలు చేతివి ఉండటం తరచూ జరుగుతుంది.

బంగారం అరుగుదల చేతులు తగిలే చోట, అంటే మూతి, చెవులు, భుజం దగ్గర ఎక్కువ ఉండాలి. అరగని మూలల్లో అరిగి, అరగాల్సిన చోట కొత్తగా ఉంటే మళ్లీ పూశారు. మళ్లీ పూసినది సాధారణంగా కాల్చని రంగు. పాలిపోయిన ఇత్తడి ఛాయలో ఉండి, కింది పాత గీతను దాటి బయటికి వస్తుంది.

మెట్టు 7: దెబ్బలు, మరమ్మతులు

అరచేతిలో నిలబెట్టి గోటితో మూతి దగ్గర మీటండి. బొజ్జను వేళ్లతో చుట్టి పట్టుకుంటే మంచి వాజు కూడా మూగదవుతుంది. గణగణమని సాగితే మంచిది, టక్కుమని ఆగితే ఎక్కడో బీట ఉంది. మెడ మరీ సన్నగా ఉన్నవి, మందపాటివి సహజంగానే తక్కువ మోగుతాయి. సత్సుమా అసలు మోగదు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

టార్చిని లోపలికి పంపి గది చీకటి చేయండి. పలుచని గోడల్లో వెంట్రుకంత బీట కూడా వెలుగు గీతగా కనిపిస్తుంది. తర్వాత మూతి చుట్టూ వేలి కొసను నెమ్మదిగా తిప్పండి. రెసిన్‌తో నింపిన చోటు పింగాణీ కంటే కొద్దిగా వెచ్చగా, మెత్తగా తగులుతుంది. చివరికి అల్ట్రావయొలెట్. చీకటి గదిలో పింగాణీ పూత ఒకే ఛాయలో ఉంటుంది. మరమ్మతు చేసిన భాగం పాలతెలుపుగానో, పసుపు ఆకుపచ్చగానో వేరుగా మెరుస్తుంది. కొత్త రకం రంగులు కొన్ని మెరవకుండా తయారవుతున్నాయి కాబట్టి టార్చి చూపలేదంటే మరమ్మతు లేదని అర్థం కాదు. వేలికొసను, భూతద్దాన్ని కూడా నమ్మండి.

అన్ని దెబ్బలూ ఒకటి కావు. ఆవంలోనే వచ్చిన పగులుకు అంచులు గుండ్రంగా ఉంటాయి, పూత అందులోకి దిగి ఉంటుంది. అడుగున ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. తర్వాత తగిలిన దెబ్బకు అంచులు పదునుగా, లోపల మురికి గీతగా ఉంటుంది. మూతి నుంచి కిందికి దిగే బీట అన్నిటికంటే చెడ్డది. వేడి, చలి మారినప్పుడల్లా అది సాగే ప్రమాదముంది.

మెట్టు 8: ఇప్పుడు ముద్ర

ఇంతవరకు చూసినదానికి ముద్ర సరిపోతుందా అన్నదే ప్రశ్న. జపాన్ అక్షరాలు పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు చదవాలి.

అమెరికా 1890 సుంకాల చట్టం ప్రకారం 1891 నుంచి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలి. అందుకు జపాన్ వారు "నిప్పాన్" అని రోమన్ లిపిలో వేశారు. 1921లో అది ఇంగ్లిష్ పేరు కాదని అమెరికా కస్టమ్స్ తేల్చడంతో "జపాన్" అని వేయడం మొదలైంది. కాబట్టి నిప్పాన్ ముద్ర స్థూలంగా 1891–1921, "జపాన్" లేదా "మేడ్ ఇన్ జపాన్" ఆ తర్వాతవి, "ఆక్యుపైడ్ జపాన్" రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1952 దాకా. ముద్ర లేకపోతే 1891కి ముందుదే కానక్కర్లేదు. జపాన్ ఇళ్ల కోసం చేసినదో, కాగితపు చీటీ ఊడినదో కూడా కావచ్చు.

మూడు అక్షరాల "దాయి నిప్పాన్", అంటే మహా జపాన్, మెయిజీ ఎగుమతుల మీద కనిపిస్తుంది. మొదటి అక్షరం చేతులు చాచి నిలబడ్డ మనిషిలా, రెండోది మధ్యలో అడ్డగీత ఉన్న నిలువు పెట్టెలా, మూడోది కాండం అడుగున చిన్న అడ్డగీత ఉన్న చెట్టులా ఉంటుంది. ఫుజీ కొండ, దాని కింద పారే ఏరు ఉంటే ఫుకగావా. ఆర్కిడ్ పువ్వు కోరన్‌షాది. వలయంలో శిలువ గుర్తు సత్సుమాను ఏలిన షిమాజు వంశానిది, కానీ ఆ వంశంతో సంబంధం లేని ఎగుమతి సరుకు మీదా వేశారు. అరితా పాత్రల మీద చైనా మింగ్ చక్రవర్తి చెంగ్‌హ్వా పేరుతో ఆరక్షరాల ముద్ర ఉంటే కంగారు పడకండి. పాత గొప్పతనానికి గౌరవంగా అలా రాసేవారు. దాన్ని చూసి చైనాదని గానీ, 15వ శతాబ్దపుదని గానీ అనుకోకూడదు.

నకళ్లలో ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి. రోమన్ లిపిలో "రాయల్ సత్సుమా" అని ఉంటే 20వ శతాబ్దం చివరి చైనా సరుకు. మందంగా బంగారం, గెయిషా బొమ్మలు, ఎత్తయిన జత వాజులు ఎక్కువగా ఇవే. "డెకరేటెడ్ ఇన్ హాంకాంగ్" అంటే జపాన్ తెల్ల పాత్ర మీద హాంకాంగ్‌లో రంగులు వేశారు. నిప్పాన్ ముద్రల్లో బాగా కనిపించే దండ ముద్రలో దండ మధ్య ఎమ్ అక్షరం ఉండాలి. పాత నకళ్లలో దాని చోట ఇసుక గడియారం లాంటి గుర్తు, లేదా తలకిందులైన దండ ఉంటుంది. తర్వాతి నకళ్లు ముద్రను సరిగ్గానే వేశాయి, అందుకే ముందు మెట్లన్నీ.

మెట్టు 9: ఎక్కడ, ఎంతకు

క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెల 21న, కితానో తెన్‌మాంగూ దగ్గర 25న సంత జరుగుతుంది. పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయి, వాన వస్తే బేరం బాగా కుదురుతుంది. జపాన్ ఆన్‌లైన్ వేలంపాటల్లో బయటి దేశాలవారు మధ్యవర్తి సేవల ద్వారా పాడాలి. అక్కడి వివరణల్లో కొన్ని మాటలు తెలిస్తే చాలు: "న్యూ" అంటే సన్నని బీట, "హోత్సు" చిన్న పెచ్చు, "కాకే" పెద్ద పెచ్చు, "కన్‌న్యూ" పూతలో నెర్రెల వల, "నవోషి" మరమ్మతు, "సురే" అరుగుదల, "కమాకిజు" ఆవంలో వచ్చిన లోపం. "తోమోబాకో" అంటే చేసినవారి సంతకంతో ఉన్న చెక్కపెట్టె, ధర పెంచేది అదే. "అవాసెబాకో" అంటే తర్వాత సరిపెట్టిన పెట్టె, అది రక్షణకు మాత్రమే. "ఇత్సుయి" అంటే జత.

జతకు ధర రెండు వాజుల ధర కంటే ఎక్కువ పలుకుతుంది. నిజమైన జతలో బొమ్మలు తరచూ ఒకదానికొకటి ఎదురు చూస్తాయి. ఎత్తులో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటే చేతిపనికి గుర్తే. అంగుళం తేడా ఉంటే ఎవరో కలిపిన జత.

అమ్మేవాళ్లు అడిగే ధర చూడకండి, అమ్ముడైన ధరలు వెతకండి. ఫొటోలు చూసి కొనేటప్పుడు అడుగు, మూతి పైనుంచి, నాలుగు వైపులు, లోపల టార్చి వేసిన చిత్రం, దెబ్బల దగ్గరి చిత్రం అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే వదిలేయండి. వేలంపాట సంస్థలు పాట ధర మీద 20–25 శాతం వసూలు చేయడం మామూలు, దాన్ని కలుపుకునే మీ గరిష్ఠ ధర రాసిపెట్టుకోండి.

మెట్టు 10: తెప్పించుకోవడం, చట్టం

రవాణా ఖర్చు వాజు ధరను మించే సందర్భాలు చాలా ఉన్నాయి. ప్రైవేటు కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చిన కిలోలకు డబ్బు తీసుకుంటాయి. 30 సెంటీమీటర్ల వాజుకు బయటి పెట్టె 50×35×35 అనుకుంటే పన్నెండు కిలోల పైన అవుతుంది, అసలు బరువు నాలుగే అయినా సరే. జపాన్ పోస్ట్ వారి ఈఎంఎస్ (విదేశాలకు వేగంగా పంపే తపాలా సేవ) అసలు బరువుకు లెక్క కడుతుంది, కాబట్టి రెండూ పోల్చండి.

పెట్టెలో పెట్టె తప్పనిసరి. రెంటి మధ్య అన్ని వైపులా 5–7 సెంటీమీటర్ల మెత్తని నింపుడు ఉండాలి. బంగారానికి నేరుగా టేపు గానీ, న్యూస్‌పేపరు గానీ తగలకూడదు. మెడలో కాగితం వదులుగా పెట్టాలి. గట్టిగా కుక్కితే పైనుంచి దెబ్బ తగిలినప్పుడు మెడ లోపలి నుంచే పగులుతుంది. మూతకు వేరే పొట్లం కట్టాలి. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి. నష్టపరిహారం అడగాలంటే అదే ఆధారం.

భారత్‌కు తెప్పించేటప్పుడు అలంకరణ పింగాణీ కస్టమ్స్ పట్టికలో 6913 కింద, వందేళ్లు దాటిన పురాతన వస్తువులు 9706 కింద వస్తాయి. వయసు చెప్పే ఇన్‌వాయిస్ ఉంటేనే రెండోది అడగగలరు. సుంకం రేటు మారుతుంటుంది, ఆర్డరుకు ముందే చూసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను మామూలు వ్యక్తులు భారత్ నుంచి బయటికి తీసుకెళ్లకూడదు. ఊళ్లో తాతల నాటి జపాన్ వాజును అమెరికా పట్టుకెళ్లాలనుకునే కుటుంబాలు, అది వందేళ్ల లోపుదైనా చూడటానికి పాతదిగా ఉంటే, పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ముందే తీసుకోవాలి.

మెట్టు 11: శుభ్రం చేయడం

ముందు మెత్తని పెయింట్ కుంచెతో దుమ్ము దులపండి. చాలాసార్లు అంతకుమించి అవసరం ఉండదు. జిడ్డు ఉంటే, బీటలు గానీ మరమ్మతులు గానీ లేని పింగాణీ మాత్రమే, ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల మృదువైన ద్రవ సబ్బు వేసి, దూదితో తుడవండి. బంగారం మీద రుద్దవద్దు, అద్దండి. సత్సుమాను, నెర్రెలున్న దేన్నైనా నీళ్లలో ముంచకూడదు. నీరు నెర్రెల్లోంచి మట్టిలోకి చేరి గోధుమ మరకలు తెస్తుంది, అవి మళ్లీ పోవు.

ఇత్తడి తోమే అలవాటుతో చింతపండు, నిమ్మకాయ జోలికి వెళ్లవద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. పులుపు వాటి మెరుపును తినేసి పొడిబారేలా చేస్తుంది. బ్లీచింగ్, స్క్రబ్బర్, గిన్నెల పౌడరు, డిష్‌వాషర్ అన్నీ నిషిద్ధమే. అదే సీసం వల్ల ఈ పాత్రల్లో తాగే నీళ్లు, తిండి పెట్టకూడదు. పూలు పెట్టాలనిపిస్తే లోపల సన్నని గాజు గ్లాసు దించి అందులో నీళ్లు పోయండి. బోరు నీళ్లు నేరుగా పోస్తే లోపల తెల్లటి సున్నపు పొర కడుతుంది.

మెట్టు 12: నిలబెట్టడం, నమోదు

బరువు పైన ఎక్కువ ఉండే వాజు ఇట్టే పడుతుంది. జిప్ కవరులో పొడి ఇసుక పోసి, మూడో వంతు ఎత్తు వరకు లోపల దించండి. అడుగు వలయం కింద మూడు చోట్ల శనగగింజంత మ్యూజియం మైనం (వస్తువు కదలకుండా పట్టి ఉంచే మెత్తని మైనం) పెట్టి కొద్దిగా తిప్పుతూ నొక్కండి. తీసేటప్పుడు మళ్లీ తిప్పాలి, ఎప్పుడూ పైకి లాగకూడదు. గట్టిగా మూసే తలుపు పక్క గోడ, సీలింగ్ ఫ్యాను కింది బల్ల, తెరలు తగిలే కిటికీ వద్దు. అద్దాల అలమరా అయితే అరలకు తట్టుకునే బరువు చూసుకోండి.

పగిలితే అంటించే తొందర వద్దు. సూపర్‌గ్లూ వేస్తే తర్వాత నిపుణులు విప్పి సరిచేయడం ఎంతో కష్టమవుతుంది. ముక్కలన్నీ, పొడి రేణువులతో సహా, విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టండి. ముక్కలను ఉరుషి అనే చెట్టు లక్కతో అతికి, అతుకు మీద బంగారు పొడి వేసే కిన్‌సుగి అనే జపాన్ మరమ్మతుకు వారాలు పడుతుంది. పచ్చి లక్క చర్మానికి దద్దుర్లు తెస్తుంది కూడా. ఎపాక్సీ, మెరుపు పొడి ఉన్న కిట్లు ఆ పని కాదు, విలువైన వాటి మీద వాడకండి.

ప్రతి వాజుకు ఒక పేజీ కేటాయించండి. వరస సంఖ్య, ఎత్తు, బొజ్జ చుట్టుకొలత, బరువు, రకం, ముద్ర వర్ణన, ఉన్న దెబ్బలన్నీ, కొన్న తేదీ, ధర, అమ్మినవారి రసీదు, ఆరు ఫొటోలు అందులో చేర్చండి. సంఖ్యను స్టిక్కరుగా వాజుకు అంటించవద్దు, ఏళ్ల తర్వాత ఊడేటప్పుడు దాని జిగురు బంగారాన్ని తీసుకుపోతుంది. నూలు దారంతో చిన్న చీటీ కట్టండి. ఈ పేజీల నకలు ఒకటి ఇంటి బయట, మరొకటి బీమా పత్రాలతో ఉంచండి. ధరలను రెండేళ్లకోసారి అమ్ముడైన రేట్లతో సరిచూసి కొత్త తేదీ వేయండి.